లేబర్ రూములోకి ఒక మనిషిని రానివ్వండి

ఒడిశాలోని గుణుపురంలో మా వీధి ఆడవాళ్లు కాన్పు కబుర్లు మొదలుపెడితే, బిడ్డ బరువు దగ్గర మొదలై లేబర్ రూములో తిన్న తిట్ల దాకా వెళ్తాయి. "ఒక దెబ్బ వేస్తే వేసింది, బిడ్డ బాగానే పుట్టాడు కదా" అంటారు పెద్దవాళ్లు. ఆ మాట నాకు మింగుడుపడదు.

మా చెల్లికి నొప్పులొస్తే అమ్మా నేనూ సర్కారు ఆస్పత్రికి తీసుకెళ్లాం. ఏ ఆస్పత్రో చెప్పను. మమ్మల్ని గుమ్మం దగ్గరే ఆపేశారు. తలుపు అద్దం పగిలినచోట అట్టముక్క అంటించి ఉంది, లోపలి మాటలన్నీ వినిపిస్తున్నాయి. చెల్లి "అమ్మా" అన్నప్పుడల్లా ఒడియాలో కసురు: "ఇప్పుడు అరుస్తావేం, అప్పుడు లేదా ఈ ఏడుపు?" ఆ వెంటనే తొడ మీద దెబ్బ చప్పుడు. అమ్మకి ఒడియా అంతగా రాదు. "ఏమంటోందే?" అని అడిగింది. "గట్టిగా ముక్కమంటోంది" అన్నాను.

ఆయా స్టూలెక్కి, మోచేతులు పొట్ట మీద ఆనించి, బలమంతా పెట్టి కిందికి అదిమిందని చెల్లి తర్వాత చెప్పింది. కాన్పు త్వరగా అవ్వాలని పొట్ట నొక్కే ఈ పద్ధతి వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లోనే చెప్పింది. బల్లల మధ్య కర్టెన్ కూడా లేదట. పక్క బల్ల మీద పుట్టాసింగి కొండల నుంచి వచ్చిన సవర అమ్మాయి. ఆమెకి ఒడియా రాదు, తెలుగు రాదు. కాళ్లు ముడుచుకుంటే కొట్టారు. ఎందుకు కొడుతున్నారో తెలియక ఆ పిల్ల ఇంకా ముడుచుకుందట. మా చెల్లికి జరిగినదానికన్నా ఇదే నన్ను ఎక్కువ బాధపెడుతుంది.

బాబుని బయటికి తెచ్చి, చేతికివ్వకుండానే "మిఠాయికి ఇవ్వండి" అన్నారు. మగపిల్లాడైతే ఒక రేటు, ఆడపిల్లైతే తక్కువ. అమ్మ కొంగుముడి విప్పింది. సర్కారు ఆస్పత్రిలో కాన్పు, మందులు, రక్తం, తిండి, రానుపోను బండి అన్నీ ఉచితమని జననీ శిశు సురక్షా కార్యక్రమం 2011లోనే వచ్చింది. బిడ్డ పుట్టిన సంబరం పేరుతో ఇలా వసూలు చేయకూడదని లేబర్ రూముల కోసం 2017లో కేంద్రం తెచ్చిన 'లక్ష్య' మార్గదర్శకాల్లో విడిగా రాశారు. తిట్లు, దెబ్బలు ఉండకూడదని, చాటు ఉండాలని కూడా అందులోనే ఉంది.

నర్సులకి పని ఎక్కువ, నిజమే. అన్ని బల్లలకీ ఇద్దరే ఉన్నారు. కానీ అదే రాత్రి ఒక ఆఫీసరుగారి కోడలు వస్తే, అదే గొంతు "భయపడకమ్మా" అంది. కాబట్టి అలసటొక్కటే కారణమంటే నేను ఒప్పుకోను. అడిగేవాళ్లు లేని మనిషి మీదే చెయ్యి లేస్తుంది.

అందుకే నేను పట్టుబట్టేది తోడు గురించి. సర్కారు ఆస్పత్రుల్లో కాన్పు సమయంలో తోడుగా ఒకరిని ఉండనివ్వాలని కేంద్రం 2016లోనే చెప్పింది. బంధువైన ఆడమనిషి, వీలైతే బిడ్డని కన్న మనిషి అయితే మంచిది. అంటురోగాలు ఉండకూడదు, ఉతికిన బట్టలు కట్టుకోవాలి, మొదటి నుంచి చివరిదాకా ఉండాలి, వైద్యానికి అడ్డం రాకూడదు. అంతే. ఖర్చు లేని పని.

మా వదిన కాన్పు ఇంకో ఊళ్లో అయింది. అక్కడి పెద్ద సిస్టరే వాళ్ల పిన్నిని లోపలికి పిలిచింది. పిన్ని నడుం రాస్తూ, మధ్యమధ్యలో గుక్కెడు నీళ్లు పట్టిస్తూ, గదిలో నాలుగడుగులు వేయించింది. సిస్టర్ ఏ పని చేసినా ముందు చెప్పి చేసిందట. వదిన ఆ సిస్టర్ పేరు ఇప్పటికీ తలుచుకుంటుంది.

కడుపుతో ఉన్న అమ్మాయి ఇంట్లో ఉంటే ఎనిమిదో నెలలోనే ఆశా దీదీని అడగండి, లోపలికి ఎవరు వెళ్తారో అప్పుడే తేల్చుకోండి. నొప్పుల టెన్షన్‌లో గుమ్మం దగ్గర వాదించడం ఎవరి వల్లా కాదు. మా పక్కింటి కోడలికి ఈ నెలాఖరున డేటు. వాళ్ల అత్తగారు లోపల ఉంటానని ముందుకొచ్చారు. సూపరింటెండెంటు పేరు మీద ఒడియాలో అర్జీ రాసిచ్చాను, 2016 నాటి సంగతి మొదటి లైనులోనే పెట్టాను. ఇంకెవరికైనా కావాలంటే అడగండి, తెలుగులోనూ రాసిస్తాను.