శబ్దానికి వచ్చిన తొలి ఆస్కార్

నిన్న రాత్రి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని 'ది బిగ్ హౌస్' చూశాను. 1930 నాటి జైలు సినిమా. సౌండ్ రికార్డింగ్‌కి తొలి ఆస్కార్ అందుకున్నది ఇదే. ఖైదీలు బారులు తీరి నడుస్తుంటే వినిపించే ఆ అడుగుల చప్పుడు ఉంది చూడండి, డైలాగుల కంటే అదే నన్ను ఎక్కువ భయపెట్టింది!

టాకీలు వచ్చి అప్పటికి మూడేళ్లే. కెమెరా మోత మైకులో పడకుండా దాన్ని చిన్న గదిలాంటి పెట్టెలో బిగించేవాళ్లు. మైకుకి కాస్త దూరం జరిగితే మాట సరిగా వినపడేది కాదు కాబట్టి నటులకీ టెన్షనే. అలాంటి రోజుల్లో ఒక గుంపు శబ్దానికి ఇంత బరువు తేవడం మామూలు పని కాదు.

దీని వెనక ఉన్నది హాలీవుడ్ స్టూడియో ఎంజీఎం సౌండ్ విభాగం అధిపతి డగ్లస్ షియరర్. అదే వేడుకలో ఆయన చెల్లెలు నార్మా షియరర్ ఉత్తమ నటి. ఒకే ఇంటికి రెండు!

ఒక్కటే బాధ. అప్పట్లో ఈ అవార్డు స్టూడియో విభాగం పేరు మీదే ఇచ్చేవాళ్లు. సెట్లో మైకులు సర్ది, చెవులు రిక్కించి పనిచేసినవాళ్ల పేర్లు ఆ జాబితాలో లేవు. ఉండాల్సింది.