మిస్సింగ్ వేరు, పికప్ లేకపోవడం వేరు

నాది రెండు లీటర్ల టర్బో (గాలిని నొక్కి ఇంజన్లోకి పంపే పరికరం) పెట్రోల్ ఇంజన్ ఉన్న పాత జర్మన్ సెడాన్. సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. సిటీలో నడిపితే ఏ గొడవా లేదు. ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) ఎక్కి మూడో గేర్లో గట్టిగా తొక్కితే మాత్రం 3000 ఆర్పీఎం దాటగానే జర్కులు మొదలయ్యేవి, చెక్ ఇంజన్ లైటు కొట్టుకునేది. ఆ తర్వాత ఎంత తొక్కినా బండి కదిలేది కాదు. ఆ లైటు నిలకడగా వెలగడం వేరు, అలా కొట్టుకోవడం వేరు. కొట్టుకుంటోందంటే మండని పెట్రోలు ఎగ్జాస్ట్‌లోకి పోతోందన్నమాట. అది క్యాటలిటిక్ కన్వర్టర్‌లో (పొగను శుభ్రం చేసే డబ్బా) మండితే ఆ వేడికి కన్వర్టరే పాడవుతుంది. వెంటనే యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసేయాలి.

సలహాలకేం కొదవ! బావమరిది కల్తీ పెట్రోలన్నాడు. ఆఫీసులో ఒకాయన ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్) వల్లే అని తేల్చేశాడు. మొదట చూపించిన వర్క్‌షాప్‌లో స్కానర్ పెట్టి, పీ0303 అని చూసి, "మూడో సిలిండర్ ఇంజెక్టర్ పోయింది సార్, ఎలాగూ విప్పుతాం కాబట్టి నాలుగూ మార్చేద్దాం" అని ఎస్టిమేట్ చేతిలో పెట్టారు. ఆ డబ్బుతో మంచి స్కూటర్ వస్తుంది. పీ0303 అంటే మూడో సిలిండర్లో మిస్సింగ్ (పెట్రోలు సరిగా మండకపోవడం) ఉందని, అంతే. స్పార్క్ సరిగా లేకనా, పెట్రోల్ అందకనా, కంప్రెషన్ (సిలిండర్లో గాలి నొక్కుడు) పోయా అన్నది ఆ కోడ్ చెప్పదు. బండి తీసుకుని కూకట్‌పల్లిలో నాకు తెలిసిన మెకానిక్ దగ్గరికి వెళ్ళిపోయాను.

ఆయనతో ముందే ఒక మాట అనుకున్నాను. ఒకసారికి ఒక్కటే మారుద్దాం, మార్చిన ప్రతిసారీ రోడ్డు మీద లాగ్ (స్కానర్లో రీడింగుల రికార్డు) తీద్దాం. "అలాగైతే లేటవుతుంది సార్" అన్నాడు గానీ ఒప్పుకున్నాడు.

మూడో సిలిండర్ కాయిల్ (ప్లగ్గుకి హై వోల్టేజ్ కరెంటిచ్చేది) తీసి రెండో దాంట్లో పెట్టాం, రెండోది మూడులో. రోడ్డు మీదకి తీసుకెళ్తే స్కానర్లో మిస్‌ఫైర్ (మిస్సింగ్) కౌంటర్ ఈసారి రెండో సిలిండర్ దగ్గర పెరిగింది. కాయిల్‌తో పాటే రోగం కూడా అటు వెళ్ళింది! ఇంజెక్టర్, ప్లగ్గు ఉన్నచోటే ఉన్నాయి కాబట్టి వాటిమీద అనుమానం పోయింది. కాయిల్ రబ్బరు గొట్టాన్ని టార్చి వెలుగులో తిప్పి చూస్తే లోపల వెంట్రుకంత సన్నటి బూడిదరంగు గీత కనిపించింది. కరెంటు ప్లగ్గు కొసన దూకకుండా ఆ గీత వెంబడి పక్కనున్న ఇనుముకి జారిపోతోంది. మూడో ప్లగ్గు గుంటలో ఆయిల్ తడి కూడా ఉంది. వాల్వ్ కవర్ గ్యాస్కెట్ లీకై, ఆ ఆయిల్‌కి రబ్బరు ఉబ్బి పాడైంది. కాయిల్, గ్యాస్కెట్ మార్పించాను.

అన్నీ విప్పి ఉన్నప్పుడే కంప్రెషన్ కూడా చూశాం. నాలుగూ 170, 180 పీఎస్ఐ మధ్యే ఉన్నాయి. ప్లగ్గుల రంగు బాగానే ఉంది. గ్యాప్ మాత్రం 0.8 ఎంఎం ఉండాల్సింది 0.95 దాకా వచ్చింది. రాసిపెట్టుకుని, అవే ప్లగ్గులు బిగించమన్నాను. "ఇవీ మార్చేద్దాం సార్" అన్నాడాయన. వద్దన్నాను, మాటంటే మాటే.

జర్కులు ఆగాయి. పికప్ మాత్రం రాలేదు. కోడ్ మారింది, పీ0299. అంటే టర్బో ప్రెషర్ తక్కువ. మిస్సింగ్ ఉన్నంతకాలం కన్వర్టర్‌ను కాపాడటానికి ఇంజన్ కంప్యూటర్, అంటే ఈసీయూయే పవర్ తగ్గిస్తోంది కాబట్టి టర్బో బాగుందో లేదో తెలిసే వీలే లేదు. ఇప్పుడు తెలిసింది. లాగ్‌లో ఈసీయూ అడుగుతున్న ప్రెషర్ 1900 మిల్లీబార్లు, వస్తున్నది 1450. వేస్ట్‌గేట్ (టర్బో ప్రెషర్ మరీ పెరగకుండా ఎగ్జాస్ట్‌ను పక్కకి వదిలే తలుపు) డ్యూటీ, అంటే దానికి ఈసీయూ ఇచ్చే ఆదేశం, 95 శాతం. అంటే ఈసీయూ పూర్తిగా మూసి ఉంచమని అడుగుతూనే ఉంది, ప్రెషర్ రావట్లేదు.

ప్రెషర్ సెన్సర్ అబద్ధం చెబుతోందేమోనని ఇంజన్ ఆఫ్‌లో ఇగ్నిషన్ మాత్రం ఆన్ చేసి చూశాను. 950 చూపించింది. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైనే ఉంది కాబట్టి ఇక్కడ గాలి పీడనం అంతే ఉండాలి. వైజాగ్ బీచ్‌లో అయితే 1010 దగ్గర చూపించాలి. సెన్సర్ బాగానే ఉంది.

స్మోక్ టెస్ట్ (పైపుల్లోకి పొగ పంపి లీకు వెతకడం) చేస్తే ఎక్కడా పొగ బయటికి రాలేదు. మెకానిక్ టర్బోయే పోయిందన్నాడు. ఫ్యూయల్ ట్రిమ్ (పెట్రోలును ఈసీయూ ఎంత పెంచి తగ్గిస్తోందో చూపే లెక్క) చూస్తే నాకు అలా అనిపించలేదు. ఇంటర్‌కూలర్ (టర్బో నొక్కిన గాలిని చల్లబరిచేది) పైపులో చిల్లుంటే, ఎయిర్ మాస్ సెన్సర్ లెక్కపెట్టిన గాలి బయటికి పోతుంది, పెట్రోల్ ఎక్కువై మిక్స్చర్ రిచ్ అవుతుంది, ఆ తేడా ట్రిమ్‌లో కనిపిస్తుంది. ఇక్కడ ట్రిమ్ మామూలుగానే ఉంది. టర్బోను నిందించే ముందు ఇంకో సంగతి చూడాలి. నొక్కిన గాలి లోపల్లోపలే మళ్ళీ టర్బో నోట్లోకి తిరిగొస్తున్నా లెక్క తప్పదు, పొగా బయటికి రాదు. ఆ పని చేయగలిగేది డైవర్టర్ వాల్వ్ ఒక్కటే. యాక్సిలరేటర్ వదిలినప్పుడు టర్బో దగ్గర చిక్కుకున్న గాలిని వెనక్కి పంపడం దాని ఉద్యోగం. తొక్కినప్పుడు మూసుకుని ఉండాలి.

లిఫ్టు ఎక్కించి కింద నుంచి మూడు బోల్టులు విప్పితే వాల్వ్ చేతికొచ్చింది. చూడ్డానికి బాగానే ఉంది. లోపలి రబ్బరు పొరను, అంటే డయాఫ్రంను బొటనవేళ్ళతో రెండు వైపులా లాగి పట్టుకుంటే అప్పుడు అంచున అర్ధచంద్రాకారంలో చిరుగు తెరుచుకుంది. వదిలేస్తే మళ్ళీ కనపడదు. పాత ఇంజన్లలో ఈ డయాఫ్రం రకం వాల్వులు చిరగడం మామూలే. పిస్టన్ రకం వాల్వ్ తెప్పించి వేయించాను.

ఇక ప్రెషర్ 1880. వెనక నుంచి ఎవరో నెట్టినట్టు లాగింది. 4500 దాటగానే మళ్ళీ మిస్సింగ్!

మెకానిక్ మొహం వాడిపోయింది. నాకు మాత్రం టెన్షన్ అనిపించలేదు. ఈసారి కౌంటర్ ఒక్క సిలిండర్లో కాదు, నాలుగింటిలోనూ కొంచెం కొంచెం పెరుగుతోంది. కోడ్ పీ0300, అంటే ఏ ఒక్క సిలిండర్‌కో పరిమితం కాని మిస్సింగ్. ఇంజెక్టర్లకి పెట్రోలందించే ఫ్యూయల్ రైల్లో ప్రెషర్ అడిగినంతా వస్తోంది. సిలిండర్లో పీడనం పెరిగేకొద్దీ, గ్యాప్ పెరిగేకొద్దీ స్పార్క్ దూకడానికి ఎక్కువ వోల్టేజ్ కావాలి. వాల్వ్ చిరిగి ప్రెషర్ తక్కువగా ఉన్నన్నాళ్ళూ 0.95 గ్యాప్‌తో నెట్టుకొచ్చింది, పూర్తి ప్రెషర్ వచ్చేసరికి చేతులెత్తేసింది. అదే మొదట ప్లగ్గులు కూడా మార్చి ఉంటే ఈ సంగతి ఎప్పటికీ తెలిసేది కాదు.

కొత్త ఇరిడియం ప్లగ్గులు 0.8 కంటే కొంచెం తక్కువగా, 0.7 గ్యాప్‌తో వేశాం. ఇరిడియం కొసకి ఫీలర్ గేజ్ (గ్యాప్ కొలిచే సన్నటి రేకు) తగలకుండా కొలవాలి, తగిలితే కొస విరుగుతుంది. ఆ పని ఆయన ఊపిరి బిగబట్టి చేశాడు. తర్వాతి లాగ్‌లో నాలుగు కౌంటర్లూ సున్నా, ప్రెషర్ 1880 దగ్గరే ఉంది.

మొత్తం ఖర్చు ఇంజెక్టర్ల ఎస్టిమేట్‌లో నాలుగో వంతు కూడా కాలేదు. డైరెక్ట్ ఇంజెక్షన్ (పెట్రోలు నేరుగా సిలిండర్లోకే పడి, వాల్వుల్ని కడగదు) కాబట్టి ఇన్‌టేక్ వాల్వుల మీద కార్బన్ పేరుకుంది, కెమెరాతో చూశాం. దానివల్ల మిస్సింగ్ వస్తే ఎక్కువగా పొద్దున్నే చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసినప్పుడు వస్తుంది. నాకు రావట్లేదు. ఆ కార్బన్ క్లీనింగ్ వానాకాలం వెళ్ళాక చేయిద్దామని చెప్పాను. ఆయన మాత్రం కలిసినప్పుడల్లా గుర్తు చేస్తూనే ఉన్నాడు.