ఫర్మ్‌వేర్ మార్చాక వైఫై కనబడట్లేదా?

రౌటర్లో కంపెనీ ఫర్మ్‌వేర్ (రౌటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) తీసేసి, దాని బదులు ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత ఫర్మ్‌వేర్ వేశాక ఫోన్లో వైఫై పేరే కనబడకపోతే రౌటర్ పోయిందని కంగారు పడొద్దు. పాస్‌వర్డ్ లేని నెట్‌వర్క్ బయటికి వెళ్లకూడదని చాలా మోడళ్లలో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వైఫై రేడియోలను ఆపేసే ఉంచుతుంది. రౌటర్ లాన్ పోర్టు నుంచి కంప్యూటర్‌కి కేబుల్ పెట్టి బ్రౌజర్లో 192.168.1.1 తెరవండి. ముందు రూట్ (రౌటర్ సెట్టింగుల) పాస్‌వర్డ్ పెట్టి, తర్వాత వైర్‌లెస్ పేజీలో ఎనేబుల్ నొక్కండి. వైఫైకి వేరే పాస్‌వర్డ్ పెట్టడం మరవొద్దు.

అసలు తలనొప్పి 5 గిగాహెర్ట్జ్‌తోనే. కంట్రీ కోడ్ (ఏ దేశంలో వాడుతున్నారో చెప్పే సెట్టింగ్) పెట్టకపోతే కొన్ని ఛానళ్లు అసలు పనిచేయవు. కోడ్ సరిగ్గా ఇచ్చినా, చాలా దేశాల్లో 52–64, 100–144 ఛానళ్ల మీద రాడార్ ఉందేమోనని రౌటర్ కనీసం 60 సెకన్లు వింటుంది. అంతవరకు పేరు కనబడదు. ఆలోగా సెట్టింగ్ మళ్లీ కెలికితే ఆ 60 సెకన్లు మొదటికొస్తాయి! జనం విసిగిపోయేది ఇక్కడే, పాపం. ఛానల్ 36 పెట్టి చూడండి. వెంటనే పేరు కనబడితే రేడియో బాగున్నట్టే.

వైఫై కలిసినా నెట్ రావట్లేదంటే, మోడెమ్ అడ్రస్ కూడా 192.168.1.1 అయి ఉండొచ్చు. రౌటర్ లాన్ అడ్రస్‌ని 192.168.2.1కి మార్చండి. పాత ప్రింటరొక్కటే మొరాయిస్తుంటే 2.4 గిగాహెర్ట్జ్‌లో డబ్ల్యూపీఏ3 (కొత్త వైఫై భద్రతా పద్ధతి) తీసేసి పాత డబ్ల్యూపీఏ2 ఉంచండి.

కంపెనీ ఫర్మ్‌వేర్ నుంచి తీసిన సెట్టింగుల బ్యాకప్‌ని మాత్రం ఇందులోకి ఎక్కించొద్దు, రెండింటి ఫార్మాట్లూ వేరు.