బాత్రూమ్ పని, ఇంటిల్లిపాదీ

నల్గొండలో మా ఇంటి బాత్రూమ్ పాత టైల్స్ మేమే పగలగొట్టాం. కూలీ మిగులుతుందని నాయిన లెక్క. రెండు రోజులు సుత్తి, ఉలి. చెత్త 40 సంచులు. మోసింది నేనూ తమ్ముడూ, లెక్కపెట్టింది అమ్మ!

వాటర్‌ప్రూఫింగ్ పూసి ఆరాక, జాలీలో గుడ్డ కుక్కి, నీళ్లు నింపి 24 గంటలు ఉంచాం. పక్క గది గోడకు చెమ్మ రాలేదు. అసలు టెన్షన్ వాలు దగ్గర మొదలైంది. టైల్స్ వేశాక చెంబెడు నీళ్లు పోస్తే జాలీ వైపు పోకుండా నేరుగా గడప దగ్గరికి వచ్చాయి. మేస్త్రీ మొహం చూడాలి అప్పుడు! ఆ రెండు వరసలు తీసి మళ్లీ వేశాడు.

నానమ్మ జారకుండా గరుకు టైల్సే వేయించింది అమ్మ. కుళాయిలు మాత్రం తళతళలాడేవి కొన్నారు. మా బోరు నీళ్లకు వాటి మీద తెల్లగా ఉప్పు పేరుకుంటుందని మొత్తుకున్నా. ఎవరు వింటారు?