కుదించాక అసలు ఫైలు ఉండాలా, పోవాలా?

నేను చూసుకునే ఒక చిన్న సర్వర్‌లో, ప్రతి రాత్రి డేటాబేసును ఒక ఫైలుగా తీసి, ఫైళ్ల పరిమాణం తగ్గించే జీజిప్ ప్రోగ్రాముతో కుదించే స్క్రిప్టు చాలా ఏళ్లుగా నడుస్తోంది. పని త్వరగా ముగుస్తుందన్న ఆశతో కిందటి ఏడాది అందులో జీజిప్ అన్న మాట తీసేసి, అదే పని చేసే జెడ్‌స్టాండర్డ్ ఆదేశం పెట్టాను. పదకొండో రోజు తెల్లవారుజామున డిస్కు నిండిపోయి డేటాబేసు ఆగిపోయింది. డైరెక్టరీలో చూస్తే, కుదించిన ప్రతి ఫైలు పక్కనా దాని అసలు ఫైలు నాలుగేసి గిగాబైట్లతో చెక్కుచెదరకుండా ఉంది.

మాన్యువల్ చదవకపోవడం నా తప్పే. అయితే చదవాలన్న అనుమానమే రాకపోవడానికి కారణం ఉంది. యూనిక్స్‌లోని పాత కంప్రెస్, దానికి బదులుగా 1992లో వచ్చిన జీజిప్, ఆ తరువాతి బీజిప్2, ఎక్స్‌జెడ్ అన్నీ పని ముగియగానే అసలు ఫైలును తొలగిస్తాయి. 2016లో ఫేస్‌బుక్ 1.0 వెర్షన్‌గా విడుదల చేసిన జెడ్‌స్టాండర్డ్, ఆదేశం రాసే తీరును చాలావరకు జీజిప్ నుంచే తీసుకుని, ఈ ఒక్కచోట మాత్రం దారి మార్చింది. అసలు ఫైలు పోవాలంటే హైఫన్ హైఫన్ ఆర్‌ఎం అని మనమే చెప్పాలి.

విడిగా చూస్తే జెడ్‌స్టాండర్డ్ డిఫాల్టే, అంటే మనం ఏమీ చెప్పనప్పుడు అది నడుచుకునే తీరే, మేలైనదని ఒప్పుకుంటాను. అసలు ఫైలును అట్టే ఉంచమనే హైఫన్ కె ఆప్షన్ జీజిప్‌కు 2013లో, 1.6 వెర్షన్‌తో గానీ రాలేదు. కానీ ఒకే కుటుంబంలోని పనిముట్లకు మంచి డిఫాల్టు కంటే ఒకే డిఫాల్టు ముఖ్యమని నా అభిప్రాయం. ఆ సంగతి జెడ్‌స్టాండర్డ్ రాసినవారికీ తెలిసినట్టే ఉంది: అదే ప్రోగ్రామును జీజిప్ అన్న పేరుతో పిలిస్తే, బుద్ధిగా అసలు ఫైలును తొలగిస్తుంది!

దూరపు కంప్యూటరులోకి ప్రవేశించే ఎస్‌ఎస్‌హెచ్‌లో పోర్టుకు (ఏ సంఖ్య ద్వారా కలవాలో చెప్పడానికి) చిన్న పి, దాని తోడుగా ఫైళ్లను కాపీ చేసే ఎస్‌సీపీలో పెద్ద పి వాడవలసి రావడం కూడా ఇలాంటి చిరాకే. ఎస్‌సీపీకి ముందున్న ఆర్‌సీపీ కాలం నుంచి చిన్న పి ఫైలు సమయాలను నిలబెట్టే పనిలో ఉండడంతో పోర్టుకు ఆ అక్షరం దొరకలేదు. అయితే అక్కడ పొరబడితే, పోర్టు సంఖ్యను ఫైలు పేరనుకుని అలాంటి ఫైలు లేదని అప్పటికప్పుడే చెబుతుంది. నా స్క్రిప్టు పది రాత్రులు ఏ ఫిర్యాదూ లేకుండా విజయవంతంగా ముగిసింది.

ఇప్పుడు జెడ్‌స్టాండర్డ్ ఆదేశమున్న వరుసలో హైఫన్ హైఫన్ ఆర్‌ఎం చేర్చాను. జీజిప్‌తోనే నడుస్తున్న మిగతా రెండు స్క్రిప్టులను మాత్రం ముట్టుకోలేదు.