కారు షెడ్డులో పనిబల్ల: కోత నుంచి ప్రైమరు దాకా ఒంటి మీద ఏముండాలి

పని: 1220 × 610 ఎంఎం పనిబల్ల, ఎత్తు 865. సరుకు: 40 × 40 స్క్వేర్ పైపు, 2 ఎంఎం మందం, ఆరు మీటర్ల బార్లు రెండు, తూకానికి సుమారు 28 కేజీలు. మొదటి బారులో 1220 ముక్కలు రెండు, కాళ్ళకి 820 ముక్కలు నాలుగు. రెండో బారులో 1140 ముక్కలు రెండు, 530 ముక్కలు నాలుగు. పైన 5 ఎంఎం రేకు.

పైపు కొనేటప్పుడే రక్షణలో మొదటి పని అయిపోతుంది. తుప్పు పట్టదని జీఐ (జింకు పూత వేసిన) పైపు తెచ్చుకోవద్దు, పూత లేని నల్ల ఎమ్మెస్ (మైల్డ్ స్టీల్) పైపే తీసుకోండి. జీఐ మీదున్న జింకు వెల్డింగు ఆర్క్ వేడికి తెల్లటి పొగగా లేస్తుంది. ఆ పొగ పీల్చిన కొన్ని గంటలకి, అంటే సాధారణంగా ఆ రాత్రికి, చలి, జ్వరం, ఒళ్ళు నొప్పులు, నోట్లో లోహపు తీపి మొదలవుతాయి. ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది కాబట్టి చాలామంది ఫ్లూ అనుకుని వదిలేస్తారు. తప్పనిసరిగా జీఐ మీదే చెయ్యాల్సి వస్తే అతుకుకి రెండు వైపులా రెండేసి అంగుళాలు జింకు గీకేసి, మాస్కు పెట్టుకుని, ఆరుబయట చెయ్యాలి. పాలు తాగితే విరుగుతుందన్న మాట నమ్మొద్దు.

మొదటి రోజు: కోత

ముక్కలు పన్నెండు, కోతలూ పన్నెండు. నాలుగంగుళాల గ్రైండరు గార్డుతో సహా 40 ఎంఎం పైపుని ఒక్క దెబ్బలో కొయ్యలేదు. మూలమట్టంతో నాలుగు వైపులా గీత గీసి, పైపు తిప్పుకుంటూ ఒక్కో ముఖం కొయ్యాలి. అంటే మొత్తం 48 ముఖాలు.

గార్డు తీసేసి కోసేవాళ్ళు ఒక్క లెక్క చూడాలి. నిమిషానికి 11,000 చుట్లు తిరిగే గ్రైండరు మీద 100 ఎంఎం వీలు (కోత చక్రం) అంచు సెకనుకి 57 మీటర్లు పోతుంది. గంటకి 200 కిలోమీటర్ల పైమాటే. వీలు పగిలితే ముక్క ఆ వేగంతోనే వస్తుంది, అదీ మొహం ఎత్తుకే. అందుకే గార్డు మూసి ఉన్న వైపు ఒంటికేసి ఉండాలి, మొహం వీలు తిరిగే వరుసలో ఉండకూడదు. కొత్త వీలు బిగించాక పక్కకి పట్టుకుని అర నిమిషం ఉత్తినే తిప్పి చూడాలి. వీలు మధ్యలో ఉండే లోహపు రింగు మీద గడువు తేదీ ఉంటుంది. గడువు దాటినదీ, తడిసినదీ, కింద పడినదీ పారెయ్యండి.

వీలు ఇరుక్కోవడమే ఎక్కువగా జరిగే ప్రమాదం. పైపుని రెండు చివర్లా దిమ్మల మీద పెట్టి మధ్యలో కోస్తే, కోత చివరికి పైపు కుంగి వీలుని నొక్కేస్తుంది, గ్రైండరు వెనక్కి తన్నుతుంది. కోసే చోటుకి ఇవతల క్లాంపు బిగించి, తెగి పడాల్సిన ముక్కని గాలిలో వదిలెయ్యాలి. కోత దానంతటదే విచ్చుకుంటుంది. ఒక ఎంఎం కటింగ్ వీలు పక్క భాగంతో బర్రులు (కోత అంచున మిగిలే గరుకు ముళ్ళు) రాయడం మాత్రం ఎప్పుడూ వద్దు. అది అంచుతో కొయ్యడానికి చేసినది, పక్కనుంచి ఒత్తిడి పడితే విరుగుతుంది.

ఒంటి మీద: ముందు పక్కలు మూసిన తెల్ల కళ్ళద్దాలు, వాటి మీద ఫేస్ షీల్డు. రెండూ కావాలి. షీల్డు కింద, పక్కన సందులుంటాయి, రవ్వలు చెంప మీద పడి ఎగిరి కంట్లోకి వెళ్ళేది అక్కడినుంచే. కళ్ళద్దాల ఫ్రేము మీద ఐఎస్ 5983 (భారత్), ఈఎన్ 166 (యూరప్), జడ్87 (అమెరికా) ప్రమాణాల గుర్తుల్లో ఏదో ఒకటి ఉండాలి. ఈఎన్ గుర్తులో ఎఫ్ అంటే సెకనుకి 45 మీటర్లతో వచ్చే చిన్న ఉక్కు గుండుని తట్టుకున్నట్టు, బి అంటే 120 మీటర్లతో వచ్చేదాన్ని. కళ్ళద్దాలకి ఎఫ్ సరిపోతుంది, షీల్డు మీద బి చూసి కొనండి.

గ్రైండరు ఇనుము మీద పడ్డప్పుడు మోత దగ్గర దగ్గర వంద డెసిబెల్స్. అమెరికా సంస్థ నియోష్ లెక్కలో ఆ మోతకి రోజుకి పావుగంటే హద్దు. ఒక్కో ముఖానికి అర నిమిషం వేసుకున్నా మన 48 ముఖాలకి 24 నిమిషాలు. ఫోం ఇయర్ ప్లగ్గుని వేళ్ళ మధ్య సన్నగా నలిపి, రెండో చేత్తో చెవిని పైకి, వెనక్కి లాగి లోపలికి తోసి, ఉబ్బేదాకా అర నిమిషం వేలితో పట్టుకోవాలి. బయటికి కనిపించేలా పైపైన పెట్టినది పనిచెయ్యదు.

రవ్వలు ఎటు పడుతున్నాయో మొదటి కోతలోనే చూసుకోండి. షెడ్డులో బండి ఉంటే ముందే బయటికి తీసెయ్యాలి. పెట్రోలు సంగతి సరే, వేడి రజను కారు అద్దానికి, నేల టైల్సుకి అతుక్కుని నాలుగు రోజులకి తుప్పు చుక్కలవుతుంది, కడిగితే పోదు.

రెండో రోజు: టాకులు (ముక్కలు కదలకుండా ముందు వేసే చిన్న వెల్డింగు చుక్కలు), వెల్డింగు

రాడ్డు 2.5 ఎంఎం, 6013 రకం. ఆంపియర్లు 65తో మొదలెట్టి 75 దాటనివ్వలేదు, దాటితే 2 ఎంఎం గోడకి చిల్లు పడుతుంది. ఈ ఆంపియర్లకి వెల్డింగు హెల్మెట్ గ్లాసు నలుపు 10వ నంబరు బావుంటుంది, చీకటి ఎక్కువై కరిగిన ఇనుప బొట్టు కనపడకపోతే 9. చలువ కళ్ళద్దాలు దీనికి లెక్కలోకే రావు. గ్యాస్ వెల్డింగు గాగుల్స్ సాధారణంగా 5వ నంబరు, అదీ చాలదు, పైగా మొహమంతా కాలుతుంది.

కళ్ళకి దెబ్బ తగిలేది పొడుగాటి అతుకు వేసేటప్పుడు కాదు. అప్పుడు అందరూ హెల్మెట్ దించుకునే ఉంటారు. ‘ఒక్క టాకే కదా’ అని కళ్ళు మూసుకుని రాడ్డు తాకించేటప్పుడు తగులుతుంది. రెప్ప పడే లోపే వెలుగు లోపలికి పోతుంది. ఈ బల్లకి ఒక్కో మూలకి రెండు చొప్పున ముప్పైకి పైగా టాకులు పడ్డాయి. ఆ దెబ్బ అప్పటికప్పుడు తెలియదు. ఆరు నుంచి పన్నెండు గంటల తర్వాత, నిద్రలో, కళ్ళల్లో ఇసుక పోసినట్టు లేపుతుంది. చల్లటి తడిగుడ్డ వేసి, చీకట్లో కళ్ళు మూసుకుని ఉండి, తెల్లారగానే కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. బంగాళాదుంప ముక్కలు, చనుబాలు, మిగిలిపోయిన పాత చుక్కల మందు వద్దు.

ఆటో హెల్మెట్ కి (ఆర్క్ వెలగగానే గ్లాసు తనంతట తనే నల్లబడే రకం) రోజూ ఒక్క పరీక్ష చేసుకోవాలి: ఎండకేసి తిప్పితే చాలా రకాల్లో గ్లాసు ఠక్కున నల్లబడుతుంది. నల్లబడకపోతే ముందు బ్యాటరీ, తర్వాత సెన్సర్ల మీద మసి చూడండి. బల్ల కింద దూరి లోపలి మూల వేసేటప్పుడు పైపు కాలు సెన్సరుకి అడ్డొచ్చి, ఆర్క్ మధ్యలోనే గ్లాసు తెల్లబడొచ్చు. సెన్సిటివిటీ పెంచినా అలాగే అయితే చట్రాన్నే తిప్పుకోండి.

హెల్మెట్ కింద కూడా తెల్ల కళ్ళద్దాలు ఉండాల్సిందే. చిట్టెం (అతుకు మీద గట్టిపడే రాడ్డు పూత పెంకు) కొట్టేటప్పుడు గ్లాసు మసగ్గా ఉంటుందని అందరూ హెల్మెట్ ఎత్తేస్తారు. 6013 చిట్టెం వేడి మీద గాజు పెంకులా చిట్లి నేరుగా మొహం మీదికి వస్తుంది. అతుకు నలుపు తిరిగేదాకా ఆగి, ఒంటికి అవతలి వైపు పడేలా కొట్టాలి.

చొక్కా పొడుగు చేతుల నూలుది. పై బొత్తం పెట్టకపోతే సాయంత్రానికి మెడ కింద మూడు మూలల ఎర్రటి మచ్చ తేలుతుంది, అది ఆర్క్ వెలుగు కాల్చినదే. పాలియెస్టర్ మీద రవ్వ పడితే మండడంతో ఆగదు, కరిగి చర్మానికి అతుక్కుంటుంది. ప్యాంటు అంచు మడవకుండా తోలు బూట్ల మీదికి వదలాలి. మడతలో పడ్డ బొట్టు అక్కడే కాలుతూ కూర్చుంటుంది. చెప్పులతో ఈ పని చెయ్యొద్దు.

మే నెల ఎండలో అసలు చిక్కు చెమట. మెషీన్ ఆన్ లో ఉండి ఆర్క్ లేనప్పుడు హోల్డరు దగ్గర 60 నుంచి 80 వోల్టులుంటాయి. తడిసిన తోలు గ్లవ్సు ఆ వోల్టేజీని ఆపలేదు. అందుకే గ్లవ్సు రెండు జతలు పెట్టుకుని, తడిసినది ఎండలో ఆరేసి రెండోది వేసుకోవాలి. కూర్చోవడానికి పొడి చెక్క పీట, కాళ్ళ కింద రబ్బరు మ్యాటు. ఇరవై నిమిషాలకోసారి లేచి నీళ్ళు తాగండి.

వెల్డింగు పొగని క్యాన్సరు కారకాల మొదటి వర్గంలో అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 2017లో చేర్చింది. షట్టరు మొత్తం ఎత్తి, ఫ్యాను పక్కనుంచి పెట్టి, పొగ మొహానికి తగలకుండా బయటికి పోయేలా చూడాలి. ఎన్95 గానీ, ఐఎస్ 9473 ముద్ర ఉన్న ఎఫ్ఎఫ్పీ2 మాస్కు గానీ హెల్మెట్ కింద సరిపోతుంది. గడ్డం ఉంటే అంచుల్లో గాలి కారిపోతుంది. పైపుకి అంటిన నూనెని క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనరుతో తుడవొద్దు, ఆర్క్ కింద ఆ ఆవిరి ఫాస్జీన్ అనే విషవాయువవుతుంది. సబ్బునీళ్ళతో కడిగి ఆరబెడితే చాలు.

కాళ్ళ అడుగున మూతలు వేసేముందు లోపలి వైపు 3 ఎంఎం రంధ్రం ఒకటి వెయ్యండి. అన్ని వైపులా మూసుకుపోయిన పైపులో గాలి వేడెక్కి, చివరి బొట్టుని మొహం మీదికి చిమ్ముతుంది.

గేటు దగ్గర పిల్లలు నిలబడి చూస్తారు. పాత దుప్పటి తడిపి అడ్డంగా కట్టాం. తెల్ల సున్నం గోడ నుంచి వెనక్కి కొట్టే వెలుగు కూడా కళ్ళకి తగిలేదే.

మూడో రోజు: అతుకులు సాపు

6 ఎంఎం గ్రైండింగ్ వీలు, తర్వాత ఫ్లాప్ డిస్కు (గరుకు కాగితం రేకులు అతికించిన చక్రం), మూలలకి వైరు బ్రష్షు. బ్రష్షు మీద రాసిన వేగం గ్రైండరు వేగానికి తక్కువ కాకూడదు. తీగలు ఊడి సూదుల్లా గుచ్చుకుంటాయి కాబట్టి తోలు ఆప్రాన్. గ్లవ్సు చేతికి బిగువుగా ఉండాలి, వదులు నూలు గ్లవ్సు బ్రష్షులో చుట్టుకుంటుంది.

పని అయ్యాక కళ్ళద్దాలు ఆఖరున తీయాలి. ముందు తల వంచి, జుట్టూ కనుబొమలూ దులిపి, అప్పుడు. ఆ రజను స్నానం చేసేటప్పుడు నీళ్ళతో కంట్లోకి జారుతుంది. ఏదైనా పడితే నలపొద్దు, గుడ్డ కొసతో తియ్యొద్దు. ఇనుప నలుసు నల్లగుడ్డు మీద ఉండిపోతే చుట్టూ తుప్పు వలయం కడుతుంది, అదే రోజు డాక్టరు తీయాలి.

రోజూ పని ఆపాక షెడ్డు తలుపు వెయ్యకుండా గంటసేపు కాపు కాశాం. బకెట్టు ఇసుక, బకెట్టు నీళ్ళు దగ్గరే. మెషీన్ ప్లగ్గు తియ్యకుండా నీళ్ళు చల్లకూడదు.

మిగిలింది: రేకు బిగింపు, రెడ్ ఆక్సైడ్ ప్రైమరు రెండు పూతలు. ఎన్95 థిన్నరు ఆవిరిని ఆపదు, బొగ్గు కార్ట్రిడ్జి ఉన్న హాఫ్ మాస్కు కావాలి. ప్రైమరు డబ్బా, థిన్నరు ఈ మూడు రోజులూ షెడ్డులో లేవు, మేడ మీద ఉన్నాయి. వెల్డింగు మెషీన్ లోపల పెట్టేశాకే కిందికి వస్తాయి.