మబ్బును తోసేత్తావేటి?

అరసవల్లి సూర్యనారాయణస్వామి గుడికి వెళ్దామని అమ్మ సంక్రాంతి నుంచీ అంటూనే ఉంది. అక్టోబరు దాకా ఆపింది నేనే, వెళ్తే స్వామి పాదాల మీద ఎండ పడే రోజే వెళ్ళాలని నా పట్టుదల.

ఏటా రెండుసార్లు, మార్చి 9, 10 తేదీల ప్రాంతంలో ఒకసారి, అక్టోబరు 1, 2 ప్రాంతంలో ఇంకోసారి, పొద్దుటి కిరణాలు గాలిగోపురం దాటి, అనివెట్టి మండపం దాటి గర్భగుడిలోకి వస్తాయి. మా వైపు దీన్ని మహిమ అంటారు. నాకు ఇందులో లెక్క కూడా ఇష్టం. రాత్రీ పగలూ సమానమయ్యే మార్చి రోజుకి పది పన్నెండు రోజుల ముందు, సెప్టెంబరు రోజుకి దాదాపు అన్నే రోజుల తర్వాత, సూర్యుడు తూర్పుకి కాస్త దక్షిణంగా ఇంచుమించు ఒకే చోట ఉదయిస్తాడు. దానికి గురిపెట్టి గుడి కట్టినవాళ్ళకీ ఒక దండం.

అమ్మకి నీటికాసులు, అంటే గ్లాకోమా, కంట్లో ప్రెషర్ పెరిగి నరం దెబ్బతినే జబ్బు. పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నది కాపాడుకోవడమే అని డాక్టరు మూడేళ్ళ క్రితమే చెప్పేశారు. పక్క చూపు తగ్గింది, గొట్టంలోంచి చూసినట్టు ఎదురుగా ఉన్నదే కనిపిస్తుంది. నేనొక నోట్‌బుక్కులో గీతలు కొట్టి తేదీ, కుడి కన్ను, ఎడమ కన్ను అని ప్రెషర్ రాసుకుంటాను. మామూలుగా 10 నుంచి 21 లోపు ఉండాలంటారు. ఒకసారి 24 వచ్చింది, ఆ నెలంతా నాకు నిద్ర లేదు, అమ్మకి మాత్రం గురక.

ముందురోజు ఆమదాలవలసలో రైలు దిగి (స్టేషన్ పేరు శ్రీకాకుళం రోడ్డు, ఊరు మాత్రం అక్కడికి దూరమే) పిన్ని వాళ్ళింట్లో పడుకున్నాం. మబ్బు ఉంటుందా లేదా అని రాత్రంతా ఫోన్ చూస్తూనే ఉన్నాను. బాబాయికి ఉద్దానంలో కొబ్బరితోట ఉండేది, 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి పోయింది. "ఆ రాత్రి నానూ ఇలాగే టీవీ వదల్నేదు. సూత్తే సెట్లు పడకుండా ఆగాయేటి?" అని లైటు ఆర్పేశాడు.

నాలుగింటికే లైన్లో నిలబడ్డాం. ఆరు దాటుతున్నా తూర్పంతా బూడిద రంగే. నాకు ఒకటే టెన్షన్, మెడ వెనక్కి తిప్పి గోపురం వైపే చూస్తున్నాను.

"ఏట్రా అలా సూత్తావు? నువ్వెళ్ళి మబ్బును తోసేత్తావేటి? దేవుడు ఇటున్నాడు," అంది అమ్మ.

అప్పటికే హారతి అయిపోయింది. అమ్మ కర్పూరం వెలుగులో స్వామిని పాదాల నుంచి కిరీటం దాకా చూసింది, ఎదురుగా ఉన్నాడు కాబట్టి బాగానే కనిపించాడట. రెండు కళ్ళూ సరిగ్గా ఉన్న నాకే దర్శనం కాలేదు. వెనకవాళ్ళు తోస్తే బయటపడ్డాను.

పుష్కరిణి దగ్గర కూర్చున్నాక నవ్వొచ్చింది, సిగ్గు కూడా. నా చేతిలో ఉన్నదేమిటంటే చుక్కలు, పొద్దున ఏడింటికి, రాత్రి ఏడింటికి. వేశాక ముక్కు పక్కన కంటి మూల నొక్కి పట్టుకుని కాసేపు కళ్ళు మూసుకోమనడం. తర్వాత లోపల నరం ఏమవుతుందో నేను కాపలా కాసేది కాదు. కానీ ఈ మూడేళ్ళూ నా ధ్యాసంతా ఆ అంకెల మీదే, ఫోన్లో ఈ జబ్బు గురించి భయపడుతూ చదువుతూ చుక్కల టైము దాటించిన ఘనత కూడా నాదే! అమ్మ ఏనాడూ ఒక్క మాట అనలేదు. కోప్పడి ఉంటే బాగుండేదేమో.

"ఏడయిందా?" అంది. అయింది. చుక్కలేశాను. నోట్‌బుక్కు పిన్ని వాళ్ళింట్లో మర్చిపోయాను, ఇంకా తెప్పించుకోలేదు.

తర్వాత ఆటోలో శ్రీకూర్మం వెళ్ళాం. స్వామి పడమటి ముఖంగా ఉంటాడు, అందుకే అక్కడ రెండు ధ్వజస్తంభాలు. నక్షత్ర తాబేళ్ళ దగ్గర అమ్మ చాలాసేపు నిలబడిపోయింది. అవి కదిలే వేగం ఆవిడ చూపుకి సరిపోయినట్టుంది. బయటికి వచ్చేసరికి మబ్బంతా విడిపోయి మాడు పగిలే ఎండ. అమ్మ కొంగు నెత్తిన కప్పుకుని పైకి చూసి, "పొద్దున్నే రాలేకపోయావేటి తండ్రీ" అని సూర్యుడినే కోప్పడింది.